అడుగు మీద అడుగు

రెజీనా రేకుపెట్టె బస్సెక్కిందంటే కండక్టర్లకు ఒళ్ళు మండేది. "ఏముండాదమ్మా దీంట్లో, ఇంత బరువు?" అని విసుక్కుంటే, "ఎముకలప్పా" అని ఆవిడ ఉన్నమాటే చెప్పేది. ఆ మాట చెవినపడ్డాక పక్కసీటు దానంతటదే ఖాళీ అయ్యేది. మదనపల్లె నుంచి పుంగనూరు దాకా కాళ్ళు చాపుకుని పోవడానికి ఇంతకు మించిన ఉపాయం లేదని తనలో తనే మురిసిపోయేది. యాభై దాటిన మనిషి. చర్చిలో అందరికన్నా పైకి వినపడే గొంతు, ముక్కుమీద కోపం. పెళ్ళి ఎందుకు చేసుకోలేదని అడిగినవాళ్ళకు పెట్టె మూత తెరిచి నక్క పుర్రె చూపించేది. రెండోసారి ఎవరూ అడగలేదు.

పెట్టెలో నక్క పుర్రెతో పాటు ముళ్ళపంది ముళ్ళు, పాము కుబుసం, గిజిగాడి గూడు ఉండేవి. వాటన్నిటికీ కింద, పాతచీరలో చుట్టి, ప్లాస్టరు అచ్చులుండేవి. బురదలో పడిన జంతువుల అడుగుల్లో తెల్లటి ప్లాస్టరు పోసి, గట్టిపడ్డాక ఎత్తి తీసిన అచ్చులు. మదనపల్లెలోని ఒక చిన్న సంఘంవాళ్ళు ఆవిడకు జీతమిచ్చి, మదనపల్లె, పుంగనూరు, కుప్పం చుట్టుపక్కల ప్రాథమిక పాఠశాలలకు నెలకోసారి పంపేవారు. పిల్లలు పుస్తకంలో బొమ్మ చూసి కాకుండా చేత్తో పట్టుకుని నేర్చుకోవాలని వాళ్ళ ఉద్దేశం. ఆవిడ వచ్చిన రోజు అయ్యవార్లకు విశ్రాంతి కాబట్టి వాళ్ళకూ అభ్యంతరం లేదు.

ఈ ప్లాస్టరు విద్య ఆవిడకు తండ్రి సొలొమోను నుంచి వచ్చింది. ఆయన మిషన్ ఆసుపత్రిలో కట్లు కట్టే గదిలో ముప్పై ఏళ్ళు పనిచేశాడు. కాళ్ళు విరిగినవాళ్ళు ఏడుస్తూ వస్తే వాళ్ళతో పరాచికాలాడుతూనే కట్టు వేసేసేవాడు. గిన్నెలో మిగిలిన ప్లాస్టరు పారబొయ్యడం ఆయనకు ప్రాణం పోయినంత పని. అందుకని కూతురి చేతికిచ్చేవాడు. ఆ పిల్ల ఆసుపత్రి ఆవరణలో, వాన వెలిసిన బురదలో, పిల్లి అడుగులో పోసింది. అది గట్టిపడి, కడిగితే, పిల్లి పాదం మెత్తలు నాలుగూ తెల్లగా చేతిలోకి వచ్చాయి. సొలొమోను దాన్ని తిప్పి తిప్పి చూసి, "ప్లాస్టరుకు అబద్ధం రాదు పాపా" అన్నాడు. ఆ మాట రెజీనాకు జీవితాంతం చాలింది.

పెద్దయ్యాక ఆవిడా అదే గదిలో చేరింది. ఆసుపత్రికి కొత్తరకం కట్లు వచ్చి పాత పొడితో పని లేకుండా పోయినప్పుడు, ఆవిడ బడుల దారి పట్టింది. ఇప్పుడు పొడి కావాలంటే ఇళ్ళకు సీలింగు వేసేవాళ్ళ అంగడికి వెళ్ళాలి. "ఏ రూముకమ్మా?" అని వాళ్ళడిగితే "నక్కకి" అనేది.

బడిలో ఆవిడ పాఠం ఎప్పుడూ ఒక ఆటతో మొదలయ్యేది. వరండా ముందు మట్టిని తడిపి మెత్తగా చేయించి, ఒక కోడిని తోలించేది, తర్వాత ఒక పిల్లను నడిపించేది, తర్వాత ఒక మేకను. మిగతా పిల్లలు అప్పటిదాకా గోడవైపు తిరిగి నిలబడాలి. తర్వాత వచ్చి, ఎవరు ముందు నడిచారో, ఎవరు వెనక నడిచారో మట్టిని చూసి చెప్పాలి. చూడాల్సింది ఒకదాని మీద ఒకటి పడిన చోటు ఒక్కటే. ఏ అడుగు నిండుగా ఉందో అది తర్వాతది. ఏ అడుగు తెగిపోయిందో అది ముందుది. ఒకటో తరగతి పిల్లలు కూడా రెండోసారికల్లా తప్పులేకుండా చెప్పేసేవారు. ఆ తర్వాత ప్లాస్టరు కలిపి పొయ్యడం. ఇంటికి పోయేటప్పుడు ఇష్టమున్నవాళ్ళకు ఒక పొట్లం పొడి ఇచ్చేది. వాన వెలిసిన మర్నాడు, పొద్దు పొడవకముందే, పశువులు తొక్కకముందే పొమ్మని చెప్పేది. పొద్దెక్కితే మంచి అడుగులు మిగలవు.

చీకటికి భయమేస్తుందని ఏ పిల్లయినా అంటే, "భయపడేవాళ్ళకు ఏమీ కనపడదు" అనేది. ఆ మాట చెప్పేటప్పుడు గొంతు ఇంకాస్త పైకి లేచేది. పిల్లలు దాన్ని ఎక్కాల్లా వల్లించేవారు.

కుప్పం వైపు మాత్రం ఈ మాట అనేది కాదు. అక్కడ అడవి పక్క ఊళ్ళలో ఏనుగులు రాత్రిళ్ళు చేలల్లో పడతాయి. ఒక ఊళ్ళో ఆదెప్ప అనే ముసలి రైతు, ఆవిడ ప్లాస్టరు కారిపోకుండా ఏనుగు అడుగు చుట్టూ అట్ట పాతుతుంటే వచ్చి పక్కన కూర్చుని, "పొద్దెక్కినాక తియ్యమ్మా. అడుగు యాడికీ పోదు. అది మాత్రం ఈడే ఉండాది" అన్నాడు. అక్కడి పిల్లలకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఎండ వచ్చేదాకా వాకిలి దాటరు. రెజీనా ఆ ఊళ్ళో పిల్లలకు ఇంటికి పొడి ఇవ్వలేదు.

పుంగనూరు వైపు భయమేముంది? గొర్రెలు, పాలకేంద్రాలు, టమాటా తోటలు, మహా అయితే ఒక నక్క. అలా అనుకుంది ఆవిడ. అంత తెలిసిన మనిషి అలా అనుకుంది.

పుంగనూరు దాటాక, రోడ్డు మీద దిగి చిన్నవాగు లాంటి వంక దాటి నడిస్తే, గుట్ట కింద ఎగువబండపల్లె అనే ఊరుంది. అక్కడి బడికి ఒక్కరే అయ్యవారు, సుబ్రహ్మణ్యం. పుంగనూరు నుంచి మోటారుసైకిలు మీద వస్తాడు, గంట కొట్టగానే పోతాడు. ఆ బడిలో నందిని అయిదో తరగతి. అమ్మా నాన్నా బెంగుళూరులో బిల్డింగు పనికి పోతే అవ్వ గంగులమ్మ దగ్గర, నాలుగు గొర్రెలతో, ఊరి చివరి ఇంట్లో ఉంటుంది. బక్కపల్చటి పిల్ల, పెద్ద కళ్ళు, చెప్పులు తొడగదు. రెజీనా ఇన్నేళ్ళలో చూసిన పిల్లలందరిలోకీ మట్టిని చదవడం ఈ పిల్లకే బాగా వచ్చింది. అందుకని ఆవిడకు నందిని అంటే పక్షపాతం. దాచుకునేది కూడా కాదు.

మొదటిసారి పోయినప్పుడు ఆవిడ పిల్లలందరి పాదాలకూ అచ్చులు తీసి ఇళ్ళకు పంపింది. మర్నెల పోయేసరికి గంగులమ్మ బడి ముందు నిలబడి ఉంది.

"మనిషి అడుగు ఎత్తగూడదమ్మా. కాలికింద మన్ను ఒకరి చేతికి పోతే ఆ మనిషి వాళ్ళ చేతిలో ఉన్నట్టే. నీకు తెలీదా?"

"అది మన్ను కాదవ్వా, ప్లాస్టరు. కాలు విరిగితే ఆస్పత్రిలో వేస్తారే, అదే."

"ఏదైతేనేమి. నా మనవరాలి అడుగు నేను పగలగొట్టి వంకలో పారేసినా. ఇంగోసారి దాని అడుగు ఎత్తొద్దు."

ముసలామె వెళ్ళిపోయాక రెజీనా, సుబ్రహ్మణ్యం ఒకరి మొహాలు ఒకరు చూసుకుని నవ్వుకున్నారు. ఆ నవ్వు నందిని చూసింది.

శ్రావణంలో ఒక శుక్రవారం రెజీనా ఆ ఊరికి వెళ్ళింది. ఆవిడకు కుక్కలంటే చచ్చేంత భయం. పుర్రెలు ఒళ్ళో పెట్టుకుని పడుకునే మనిషికి కుక్కంటే భయమేమిటని ఎవరైనా నవ్వితే కోపం వచ్చేది. ఎగువబండపల్లెలో ప్రతిసారీ నాలుగయిదు కుక్కలు పెట్టె వాసనకు బడిదాకా వెంటపడేవి. ఆ రోజు ఒక్కటీ రాలేదు. అరుపు కూడా లేదు. "దేవునికి స్తోత్రం" అనుకుంది. పెట్టె దించి చెమట తుడుచుకుంది. కుక్కలు ఏమయ్యాయో ఆవిడకు తట్టనే లేదు.

నందిని వంక దగ్గర పోసిన అచ్చును గుడ్డలో చుట్టి తెచ్చింది. బురద ఇంకా పూర్తిగా వదల్లేదు. ఒకపక్క మరీ మందంగా పట్టుంది. ఇంకోపక్క మాత్రం తేటగా, నాలుగు వేళ్ళు, కింద వెడల్పాటి మెత్త. గోళ్ళ గుర్తు లేదు. కుక్కయితే గోళ్ళు పడతాయి. రెజీనా అరచేయి దాని పక్కన పెట్టి చూసింది. గుండె ఝల్లుమంది, కానీ అది సంతోషంతో. ముప్పై ఏళ్ళుగా ఎదురుచూసిన అడుగు.

"చిరుత" అంది. "పిల్లలూ, ఇది చిరుత అడుగు. చప్పట్లు కొట్టండి."

పిల్లలు కొట్టారు. సుబ్రహ్మణ్యం దూరం నుంచి చూసి, "కుక్కేమో మేడమ్, ఊళ్ళో లేనిపోని పుకారు లేపొద్దు" అన్నాడు. "గుట్ట మీద తిరిగేది నీళ్ళకు దిగుంటుందిలెండి, ఊళ్ళోకి రాదు" అంది రెజీనా. నందినికి పెన్సిళ్ళ పెట్టె బహుమతిచ్చింది. "ముందుకాలు వచ్చింది. వెనకకాలు కూడా దొరికితే జత అవుతుంది" అని ఇంకో పొట్లం పొడి చేతిలో పెట్టింది. ఇచ్చింది ఆవిడే. ఎవరూ అడగలేదు.

అచ్చును కడగాలంటే రెండురోజులు ఆరాలి. ఆదివారం చర్చి నుంచి వచ్చి, అన్నం తిని, రెజీనా పెరట్లో తొట్టి దగ్గర కూర్చుని పాత టూత్‌బ్రష్‌తో బురద వదిలించడం మొదలుపెట్టింది. ఆకాశం మూసుకుని ఉంది. మందంగా పట్టిన మన్ను వానకు పట్టింది కాదు, చేత్తో మెత్తినది. వేళ్ళ గుర్తులు కూడా ఉన్నాయి. పిల్ల కావాలని మెత్తింది. ఎందుకు మెత్తిందా అని నీళ్ళు పోసి రుద్దింది.

కిందనుంచి మడమ బయటపడింది. చిన్న మడమ, ఒట్టికాలు, చెప్పు లేదు. అవ్వ చూస్తే పగలగొడుతుందని నందిని తన అడుగును దాచిపెట్టింది. రెజీనాకు నవ్వు రాబోయింది. రాబోయిన నవ్వు అలాగే ఆగిపోయింది.

మడమ గుండ్రం సగంలో తెగిపోయి ఉంది. చిరుత మెత్త దానిమీద నిండుగా ఉంది.

పిల్ల ముందు నడిచింది. అది తర్వాత నడిచింది. ఎంత తర్వాత? మడమ అంచు ఎక్కడా అరగలేదు, ఎండి పగల్లేదు. తడిమీదే, వెంటనే. పిల్ల నీళ్ళకోసం వంకలోకి దిగింది. అది వెనకే దిగింది. ఆవిడ అచ్చును తొట్టి గట్టుమీద పెట్టి చేతులు చీరకు తుడుచుకుంది, తుడుచుకున్న చేతుల్నే మళ్ళీ తుడుచుకుంది. అప్పుడు మొదటి చినుకు అచ్చుమీద పడింది. వాన. రేపు పొద్దున, పొద్దు పొడవకముందే, పొట్లం తీసుకుని ఆ పిల్ల వంకకు పోతుంది. పొమ్మని చెప్పింది తనే.

సుబ్రహ్మణ్యానికి ఫోను చేసింది. "మేడమ్, ఆదివారం పూట... రేపు బడికి పోతాను కదా, సూద్దాం లెండి" అన్నాడు. "మీరు పోయేసరికి తెల్లారి ఎంతసేపవుతుందయ్యా!" అని ఆవిడ అరిచింది. అతను ఊరిలో ఎవరి నంబరూ తన దగ్గర లేదన్నాడు. నాలుగేళ్ళుగా పాఠం చెబుతున్న ఊరు! ఆవిడ నోటికొచ్చిన మాటను మింగి ఫోను పెట్టేసింది. తిట్టాల్సింది అతన్నా?

అచ్చును సంచిలో వేసుకుని బస్సెక్కింది. ఈసారి పక్కసీట్లో ఎవరో కూర్చున్నారు, ఏదో అడిగారు, ఆవిడకు వినపడలేదు. పుంగనూరులో బస్సు మారేసరికి వెలుతురు తగ్గింది. రోడ్డుమీద దిగేసరికి సన్నగా తుంపర. ఊరిదాకా ఒంటరి దారి, మెత్తటి ఎర్రమన్ను, పక్కనే వంక. గొంతెత్తి కీర్తన పాడుతూ నడిచింది. పాడుతున్నది భక్తితో కాదని ఆవిడకు తెలుసు. ఎక్కడా కుక్క మొరగలేదు. ఆ నిశ్శబ్దం ఏమిటో, కుక్కలు దేని నోట పడ్డాయో ఆవిడకు ఇప్పుడు అర్థమైంది. అర్థమయ్యాక చరణాలు తప్పాయి. అయినా ఆపలేదు. వెనక్కి తిరిగి చూడాలనిపించింది. చూడలేదు.

గంగులమ్మ దీపం పట్టుకుని తలుపు తీసింది. "ఈ యాళప్పుడు యాల వచ్చినావమ్మా? తడిసిపోయినావు కదా!"

"నందిని యాడ?"

"లోపల ఉండాది. అన్నం తింటాండాది. ఏమైంది?"

నందిని ఎంగిలిచేత్తోనే పరిగెత్తుకొచ్చింది. రెజీనా ఆ పిల్లను చూసి, గోడకు ఆనుకుని కూర్చుంది. ఏడుపొచ్చింది. దాచుకోలేదు. కాసేపటికి సంచిలోంచి అచ్చు తీసి దీపం ముందు పెట్టింది. గంగులమ్మ చూసి, మనవరాలి మడమ గుర్తుపట్టి, చేయి వెనక్కి లాక్కుంది.

"మళ్ళీ ఎత్తినావా అడుగు!"

"అవ్వా, నువ్వు కోప్పడు, కొట్టు, ఏమైనా చెయ్యి. ముందు ఇది విను. ఇది చిరుత. నీ మనవరాలి వెనకాలే నడిచింది. దాని అడుగు మీద అడుగేసుకుంటా వచ్చింది."

ముసలామెకు ఈ పాఠం ఎవరూ చెప్పలేదు, చెప్పక్కర్లేకపోయింది. లేచి తలుపు గడియ వేసింది. గొర్రెల్ని కట్టిన వసారా తడిక దగ్గరికి పోయి, ఇంకో కట్టెను అడ్డం దోపి వచ్చింది.

"మా కుక్క ఏమైపోయిందో అనుకుంటాండా. పక్కింటి చిన్నక్కోళ్ళదీ లేదు. ఇంగెవరిదీ లేదు" అంది.

అప్పుడు నందిని మెల్లగా అంది. "నాకు తెల్సు మేడమ్."

"ఏం తెలుసు?"

"అది నా వెనకాల వచ్చిందని. నీళ్ళు ముంచుకోని తిరిగొస్తే నా అడుగుల మీద దాని అడుగులు ఉన్నాయి. మీరు చెప్పినట్టే సూసినా. నాది తెగిపోయింది, దానిది నిండుగా ఉండాది. చెప్తే అవ్వ మళ్ళీ పంపదు కదా, అందుకే బురద పూసినా."

"తెలిసి కూడా అక్కడే కూర్చుని ప్లాస్టరు పోశావా తల్లీ? అది ఆరేదాకా?"

"ఊఁ. భయపడేవాళ్ళకు ఏమీ కనపడదు కదా మేడమ్."

పిల్ల మొహంలో దీపం వెలుగు. మెచ్చుకుంటారని చూస్తోంది. గంగులమ్మ రెజీనావైపు తిరిగి, గొంతు పెంచకుండానే, "నేను అడుగొకటే ఎత్తినావనుకున్నా. దాని భయం గూడా ఎత్తుకోని పోయినావే తల్లీ" అంది. ఇద్దరు పెద్దవాళ్ళూ పిల్లను మధ్యలో వేసుకుని పడుకున్నారు. తుంపర ఎప్పుడో ఆగింది. గొర్రెలు ఒకసారి కదిలాయి, మళ్ళీ సద్దుమణిగాయి. రెజీనా కళ్ళు మూయలేదు.

తెల్లవారాక, గుట్ట మీద ఎండ కనపడ్డాక, గంగులమ్మ గడియ తీసింది. అందరికన్నా ముందు నందిని గడప మీదికొచ్చింది. కిందికి దిగబోయి ఆగిపోయింది. ముంగాళ్ళ మీద కూర్చుని వాకిట్లోకి చూసింది, బడి ముందు తడిమట్టిని చూసినట్టే.

"మేడమ్, ఇట్ల రండి. మీ చెప్పులు."

దారి మలుపు నుంచి గడపదాకా రెజీనా చెప్పుల గుర్తులు వరసగా ఉన్నాయి, కింద గళ్ళతో సహా. అన్నీ తెగిపోయి ఉన్నాయి. మడమ దగ్గర ఒకటి, వేళ్ళ దగ్గర ఒకటి, దారిపొడుగునా, ఒక్కటి కూడా వదలకుండా. వాటిమీద గుండ్రటి అడుగులు నిండుగా ఉన్నాయి. గడప ముందు, తలుపుకు ఎదురుగా, మట్టి వెడల్పుగా అణిగి ఉంది. అక్కడ కూర్చుని ఉంది అది. ఎంతసేపో తెలియదు. పక్కన తోక రాసుకున్న గీత.

గంగులమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. రెజీనాకు నిన్న సాయంత్రం తను పాడిన కీర్తన, తిరిగి చూడకుండా నడిచిన ఆ దారి, తలుపు తీసేదాకా గడప ముందు నిలబడిన క్షణాలు అన్నీ ఒక్కసారి వీపుమీద పాకినట్టయింది.

"వెనకకాలు!" అంది నందిని. వేలు చూపిస్తూ, ఉత్సాహంగా. "మేడమ్, వెనకకాలు దొరికింది. ఎంత బాగా పడిందో సూడండి. ప్లాస్టరు కలపనా?"

గడప దిగబోయిన పిల్ల చేయి రెజీనా పట్టుకుంది. గట్టిగా పట్టుకుంది. లోపలికి లాగి, మోకాళ్ళ మీద కూర్చుని, ఆ పిల్ల కళ్ళలోకి చూసింది.

"వద్దు. చూడు నందినీ. అది నా వెనకాల దారిపొడుగునా వచ్చింది. నేను తలుపు కొట్టేటప్పుడు నా వెనక నిలబడుంది. మనం ముగ్గురం లోపల పడుకున్నప్పుడు ఇదిగో, ఇక్కడ కూర్చుని ఉంది. తలుపు ఎప్పుడు తెరుస్తామా అని. నువ్వు పొద్దు పొడవకముందే గడియ తీసి ఉంటే?"

"భయపడేవాళ్ళకు..."

"నేను చెప్పింది తప్పు. వినపడిందా? మీ మేడమ్ తప్పు చెప్పింది. భయపడు తల్లీ. భయపడాలి."

నందిని వాకిట్లోకి చూసింది. మట్టి అణిగిన చోటును చూసింది, అక్కడి నుంచి తలుపుకు ఎంత దూరమో చూసింది. తను రోజూ దిగే మెట్టు చూసింది. పెద్ద కళ్ళు ఇంకా పెద్దవయ్యాయి.

ఆ చిన్న చేతిలో వణుకు మొదలయ్యేదాకా రెజీనా చేయి వదల్లేదు.